మద్దిలేటి గిలక

ఊఁ అన్నోళ్లకు కత, ఊఁ అననోళ్లకు నిద్ర. ఊఁ కొడతారా? సరే, ఇనండి. నడిమధ్యలో లేచిపోతే మాత్రం మళ్లా మొదటి నుంచి చెప్పను. నాకంత ఓపిక లేదు.

అనగనగా అంటే నిన్నామొన్నా అనుకునేరు. కాదు, చానా ఎనకటి మాట. బాయిల్లో నీళ్లను ఎద్దులు పైకి లాగే కాలం. ఎర్రనేల సీమలో ఒక రాళ్ల గుట్ట ఉండె. గుట్ట మీద ఒక బాట. గుట్ట కింద పల్లంలో ఒక బాయి. బాట మీద నిలబడి ఎంత మెడ సాచినా ఆ బాయి కనపడదు. బండలూ కంపచెట్లూ అడ్డం. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

బాయి పక్కన ఒక మట్టి ఇల్లు. ఇంట్లో సవారమ్మ అని ఒక తల్లి. మొగుడు ఎప్పుడో పోయినాడు. ఆమెకు ముగ్గురు బిడ్డలు. పెద్దోడు సుంకన్న, నడిపోడు మద్దిలేటి, కడగొట్టుది ఉరుకుందమ్మ.

సుంకన్న పనికి రాక్షసుడు. మాట తక్కువ, కోపం ఎక్కువ. తమ్ముడంటే ప్రాణం. ఆ మాట నోరు తెరిచి ఒక్కనాడూ చెప్పలేదు. మొగోళ్లకు ఆ రోగం ఉంటాది కదా!

మద్దిలేటి పాటల పిచ్చోడు. తల్లి రాగులు ఇసురుతా ఉంటే తిరగలి పక్కన చేరేటోడు. "అమ్మా, ఇంకొంచెం నిదానంగా తిప్పమ్మా, ఇప్పుడు బలే పలుకుతాంది" అనేటోడు. "నీ పాట కోసం తిప్పితే మనకు సంగటి రేపటికవుతాది, లెయ్" అనేది తల్లి. అనేది గానీ, తిప్పేది మాత్రం నిదానంగానే.

ఒకసారి తిరునాళ్లలో మోకు కొనకరమ్మని పంపినారు. తప్పెట కొట్టేటోళ్ల ఎనకాల మూడూర్లు తిరిగి, మూడోనాడు ఇంటికొచ్చినాడు. మోకు లేదు. "ఏదిరా మోకు?" అని సుంకన్న అరిస్తే తల గోక్కున్నాడు. "మోకు తేలేదన్నా, ఒక దరువు తెచ్చినా" అని అరుగు మీద వాయించి చూపించినాడు. ఉరుకుందమ్మ నవ్వి నవ్వి కింద పడింది.

ఆ పిల్ల ఏడిస్తే చాలు, మూడు గొంతులు పెట్టేటోడు. ఒకటి కప్ప గొంతు. రెండు కోడి గొంతు. మూడోది సుంకన్న కోపమొచ్చిన గొంతు. మూడో గొంతుకు ఎంత ఏడుపైనా ఆగాల్సిందే. సుంకన్న ఇని, గడ్డపార భుజాన ఏసుకొని అవతలికి పోయేటోడు. నవ్వు కనపడకూడదని.

ఇంటిపని పంచుకున్నారు. మెట్టచేను సుంకన్నది. కపిల మద్దిలేటిది. కపిల అంటే ఇప్పటి పిలకాయలకు తెలీదు గదా, చెప్తా. బాయి మీద ఒక కొయ్య గిలక. గిలక మీద మోకు. మోకుకు ఒక కొన తోలు బాన, ఇంకో కొన ఎద్దుల జత. ఎద్దులు వాలుదారిలో దిగితే నిండిన బాన పైకొస్తాది. ఎద్దులు ఎనక్కి నడిస్తే బాన మళ్లా నీళ్లలోకి పోతాది. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు కుంకేదాక అదే పని. మద్దిలేటికి కర్రోడు, తెల్లోడు అని రెండు ఎద్దులుండె.

ఆ గిలకుందే, అది అరిచేది చూడండి! ఎద్దులు దిగితే "కిర్ర్‌ర్..." ఎక్కితే "కీ..." గుట్ట గుట్టంతా ఇనపడేది. ఆ అరుపు ఎత్తుకుంటే మద్దిలేటి అందుకునేటోడు.

"రాయే గంగమ్మా, పైకి రాయే,
మొదటి బాన నోరులేని జీవాలకే,
రెండో బాన దారెంట పోయేటోళ్లకే,
మూడో బానే మా మడికే, రాయే గంగమ్మా."

పాటెట్లనో చేత అట్లే. మొదటి రెండు బానలు పక్కనున్న రాతి తొట్లో పోసేటోడు. మూడో బాన నుంచి సొంత మడికి. పొద్దుమునిగేలోపల ఆ తొట్టి అడుగంటేది. ఎవరెవరో వచ్చేటోళ్లు, తాగేటోళ్లు, పోయేటోళ్లు.

ఇంక సుంకన్న కోపం చూడాల. "ఒరే, ఆ గిలకకు ఇంత ఆముదం పోయరా. చెవులు తూట్లు పడతాండాయి."

"వద్దన్నా, అదే నాకు శ్రుతి."

"శ్రుతంట, శ్రుతి! ఎద్దుకు పుండైతే అరిచినట్టుంది. అదొక శ్రుతి!"

ఒక ఏడు అడిగినాడు, మద్దిలేటి వద్దన్నాడు. రెండో ఏడు అడిగినాడు, వద్దన్నాడు. మూడో ఏడు సుంకన్నే ఆముదం చిప్ప పట్టుకొని బాయికాడికి పోతే, తమ్ముడు చేతులు రెండూ పట్టుకున్నాడు. "అన్నా, నా మాట ఇను. దానికి మాత్రం పోయొద్దు." సుంకన్న ఇసురుకొని ఎనక్కొచ్చినాడు.

ఇంకొకనాడు తొట్టికాడ ఎవరో కొత్తమనుషులు చేతులు కడుక్కుంటాంటే చూసి అడిగినాడు. "ఈ పల్లంలో బాయుందని ఈళ్లకందరికీ ఎవురు చెప్తాండార్రా?"

"గంగమ్మే చెప్పింటాదిలే అన్నా" అని నవ్వినాడు తమ్ముడు. ఆ నవ్వుతో ఆ మాట అట్లే పోయింది.

ఊఁ అంటాండారా? ఇప్పుడు కొంచెం కష్టమైన ముక్క వస్తాది.

ఒక ఎండాకాలం మద్దిలేటికి జ్వరం పట్టింది. మూడు దినాలు అనుకున్నారు, మూడు వారాలైంది. మూడు రకాల ఆకుపసర్లు పోసినారు, ముగ్గురు దేవర్లకు మొక్కినారు. తగ్గలేదు. కపిల సుంకన్న మీద పడింది. పొద్దంతా ఎద్దుల్ని తోలడం, ఇంట్లోకి తొంగి చూడడం. తోలడం, తొంగి చూడడం. కూచుంటే కూచోలేడు, నిలబడితే నిలబడలేడు.

తమ్ముడు నులక మంచం మీద పొర్లుతాండె. కన్ను మూతపడదు. "పాపం, ఈ గిలక రొదకే వానికి నిద్ర రావడంలేదు" అనుకున్నాడు సుంకన్న. ప్రేమున్నోడు చేసే తప్పు అట్లనే ఉంటాది. అడగడు. చేసేస్తాడు. ఆముదం చిప్ప తెచ్చి గిలక ఇరుసుకు ఒక చిప్ప పోసినాడు. అరుపు తగ్గింది. రెండో చిప్ప పోసినాడు. మూలిగింది. మూడో చిప్పకు నోరు మూసుకుంది. ఎద్దులు రెండూ ఆగి తలతిప్పి గిలక పక్క చూసినాయి. సుంకన్న వాటిని అదిలించి, ఒళ్లు తేలికై ఇంట్లోకి పోయినాడు, తమ్ముడు నిద్రపోయింటాడని.

తమ్ముడు మంచం మీద లేచి కూచోనుండె.

"అన్నా, గిలక పలకలేదే? బాయి ఎండిపాయనా?"

"ఎండలేదురా. ఆముదం పోసినా. నువ్వు కాసేపు పండుకోవల్ల అని."

మద్దిలేటి అన్న మొగం పక్క చూసినాడు. ఆ చూపులో కోపం లేదు. కోపముంటే సుంకన్న జన్మంతా సుఖంగా ఉండేటోడు. అన్న చెయ్యి పట్టుకొని, "అయితే వాళ్లకెట్ల తెలుస్తాదన్నా?" అన్నాడు.

"ఎవురికిరా? ఏం తెలియాల?"

మద్దిలేటి నోరు తడారిపోయింది. చెల్లెలు నీళ్లు పట్టింది. ఆ నీళ్లు గుటకేసి, తల్లి ఒళ్లో తల పెట్టుకొని, పొద్దు వాలేలోపల పోయినాడు. మాట మాత్రం సుంకన్న మీద ఏసిపోయినాడు.

వాళ్లకెట్ల తెలుస్తాది?

సవారమ్మ గుండెలు బాదుకొని ఏడ్చింది. ఉరుకుందమ్మ గొంతు పోయేదాక ఏడ్చింది. సుంకన్న ఏడవలేదు. తిరిగినాడు. ఇంటికాడ నుంచి బాయికాడికి, బాయికాడ నుంచి చేనికి, చేనికాడ నుంచి ఇంటికి. కూచుంటే కూచోలేడు, నిలబడితే నిలబడలేడు. సంగటి ముద్ద చేతిలో పట్టుకొని లేచి పోతాండె. "వాళ్లెవురు? వాళ్లకేం తెలియాల?"

మొదట తల్లినడిగినాడు. "అమ్మా, వాళ్లంటే ఎవురమ్మా?" "మన చుట్టాలేమో నాయనా. జబ్బుగా ఉండానని చెప్పి పంపమన్నాడేమో" అంది తల్లి, కొంగుతో మొగం తుడుచుకుంటా. సుంకన్న మూడూర్ల చుట్టాలకూ చెప్పి వచ్చినాడు. అందరూ వచ్చి ఏడ్చి పోయినారు. లోపల దేవులాట తగ్గలేదు.

తర్వాత చెల్లెల్ని అడిగినాడు. "ఎద్దులేమో పెద్దన్నా. గిలక పలక్కపోతే వాటికి ఎప్పుడు తిరగాల్నో ఎట్ల తెలుస్తాది?" అంది. ఉరుకుందమ్మ పోయి బాయికాడ నిలబడి చిన్నన్న పాట పాడింది. ఎద్దులు తోకలాడించినాయి, నడిచినాయి. లోపల దేవులాట మాత్రం తగ్గలేదు.

ఆఖరికి గిలక చేసిన కొయ్యపనాయన, వడ్ల కంబగిరి ఇంటికి పోయినాడు. ముసలాయన బాడిసె పక్కన పెట్టి ఆలోచించినాడు. "వాళ్లెవురో నాకు తెలీదు సుంకన్నా. కానీ ఆ గిలక చేసినప్పుడు నీ తమ్ముడు నన్ను చంపుకు తిన్నాడు. నున్నగా చెక్కితే ఒప్పుకోలేదు. 'గరుకుగా ఉంచు మామా, పలకాల, గుట్ట అవతలికి పలకాల' అన్నాడు. మూడుసార్లు ఇరుసు మార్పించినాడు. పాటల పిచ్చోడు గదా, దేనికిరా అని నేనూ అడగలేదు."

గుట్ట అవతలికి దేనికి? సుంకన్నకు తల పగిలిపోతాంది. అయినా కపిల మానలేదు. తమ్ముడు చేసినట్టే మొదటి రెండు బానలు తొట్లో పోసినాడు, మూడోది మడికి. ముందు పట్టించుకోని పనే, ఇప్పుడు తమ్ముని గుర్తుకు చేస్తాండె.

తమ్ముని కర్మ దినాలు అయిపోయినాయి. మరుసటి పొద్దు ఉరుకుందమ్మ కడవ తీసుకొని బాయికాడికి వచ్చి, తొట్టి పక్కన నిలబడిపోయింది.

"పెద్దన్నా, ఇట్ల రా. తొట్లో నీళ్లు చూడు, పచ్చగా పాచి పట్టినాయి. చిన్నన్న ఉన్నప్పుడు పొద్దుమునిగేలోపల తొట్టి ఎండేది. ఇప్పుడెవురూ తాగడానికి రావడంలేదా?"

సుంకన్న తొట్టి చూసినాడు. గిలక చూసినాడు. గుట్ట చూసినాడు. చేతిలో ములుకోల పారేసి గుట్ట పైకి పరిగెత్తినాడు. కంప గీరుకున్నా ఆగలేదు, బండ మీద మోకాలు పగిలినా ఆగలేదు.

బాట మీద ఒక గాడిద పడి ఉండె, వీపు మీద ఉప్పు మూటల పెరికె అట్లే పెట్టుకొని. దానికి ప్రాణం పోయింది. ఇంకో గాడిద తల దించుకొని నిలబడి ఉంది. బండ నీడన ఉప్పమ్మే అవ్వ ఒకామె కూచోనుంది. ఒళ్లో కోడలు తల. కోడలి పక్కన చంటిబిడ్డ. బిడ్డ ఏడవడంలేదు. అదే భయమేసింది సుంకన్నకు.

అవ్వకు రెండు కళ్లలోనూ పూలు పూసినాయి, చూపు ఆనదు. అడుగుల చప్పుడు ఇని తల ఎత్తింది.

"ఎవురు నాయనా? ఈడ ఒక గిలక అరుస్తా ఉండేది కదా. ఏటేటా ఇదే బాటన ఉప్పు తెస్తాం. గుట్ట ఎక్కినామంటే ఇనపడేది. ఆ అరుపు పట్టుకొని దిగితే నీళ్లు. నా కొడుకంత పాటగాడు ఒకడు ఉండె, తాగేదాక పోనిచ్చేటోడు కాదు. ఈ బాటన పోయేటోళ్లందరం అట్లనే దిగేటోళ్లం. నాకు చూపు లేదు, కోడలికి ఈ బాట కొత్త. నిన్నటి నుంచి మూడు తూర్లు అటూ ఇటూ తిరిగినాం నాయనా. గిలక ఇనపడలే. దారి తప్పినామా?"

సుంకన్నకు తమ్ముని ఆఖరి మాట చెవిలో మోగింది. వాళ్లకెట్ల తెలుస్తాది! వాళ్లంటే వీళ్లు. తెలియాల్సింది నీళ్లున్నాయని. శ్రుతి లేదు, పాడూ లేదు. ఉందిలే, శ్రుతీ ఉంది. రెండూ ఒకటే వానికి. నేను వాని నోరు నొక్కినట్టు దాని నోరు నొక్కినాను గదరా దేవుడా, అనుకున్నాడు.

"తప్పలేదవ్వా. మీరు తప్పలేదు. నేను తప్పినా" అన్నాడు. బిడ్డను భుజాన ఏసుకొని కిందికి ఉరికినాడు. తొట్లో పాచి నీళ్లు కాదు, అప్పుడే తోడిన నీళ్లు. ఉరుకుందమ్మ గుడ్డ తడిపి బిడ్డ పెదాల మీద పిండింది. ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు. మూడో చుక్కకు బిడ్డ కేరుమనింది. సవారమ్మ కొడుకు పోయినాక మొదటిసారి నవ్వింది. ఏడుస్తా నవ్వింది. అందరూ కలిసి కోడల్ని మోసుకొచ్చినారు, అవ్వను నడిపించుకొచ్చినారు. నీళ్లు తాగి, సంగటి తిని, అందరూ బతికినారు. పాటగాడేడి అని అవ్వ అడిగితే సవారమ్మ ఆమె చెయ్యి పట్టుకొని మంచం మీద కూచోబెట్టింది.

సుంకన్న అప్పుడే గిలక మీద పడినాడు. బూడిద పెట్టి తోమినాడు, పలకలేదు. ఇసుక పెట్టి రుద్దినాడు, పలకలేదు. ఎండలో పెట్టినాడు, పలకలేదు. కంబగిరి కాళ్ల మీద పడినాడు.

"ఇరుసు మార్చేదా?" అన్నాడు కంబగిరి.

"వద్దు మామా. వానికి దొరికిన గొంతే కావాల. వచ్చేటోళ్లకు ఆ గొంతే గుర్తు."

"అయితే ఇను. కొయ్య మూడు చిప్పల ఆముదం తాగింది. అది ఇంకిపోయేదాక తిప్పాల. తిప్పుతానే ఉండాల. ఎన్ని దినాలంటే నన్నడగొద్దు."

"అంతవరకూ బాటన పోయేటోళ్లో?"

కంబగిరి సుంకన్నను ఎగాదిగా చూసినాడు. "నీకు గొంతు లేదా?" అన్నాడు.

ఇప్పుడు నవ్వకండి. సుంకన్న పాడినాడు. జన్మలో కూనిరాగం తీయనోడు, కపిల మోకు మీదికెక్కి, ఎద్దుల్ని తోలుతా గుట్ట అదిరేటట్టు పాడినాడు. ఆ గొంతు గొంతా! ఉప్పవ్వ గాడిద బతికిందే, వాళ్లు ఉన్నన్ని దినాలూ అది పక్కనుండి అందుకునేది. పిట్టలు లేచిపోయేవి. ఉరుకుందమ్మ చెవుల్లో దూది పెట్టుకునేది. ఎద్దులు మొదటి దినం బెదిరినాయి, రెండో దినం సర్దుకున్నాయి, మూడో దినం పట్టించుకోవడం మానినాయి.

"రాయే గంగమ్మా, పైకి రాయే..." దరువు తప్పేది, మాట తప్పేది. మొదటి బాన, రెండో బాన అని మాత్రం తప్పేటోడు కాదు. ఎన్ని వేలసార్లు ఇన్న పాట! తమ్ముడు గొంతెత్తి చెప్పింది అదే గదా, నేను చెవిన పెట్టింటే అని పొద్దుకొకసారి ఏడ్చేటోడు. ఏడుస్తానే తోలేటోడు. గొంతు బొంగురు పోతే పలుగురాయి పెట్టి తొట్టి మీద కొట్టేటోడు, తమ్ముడు తిరునాళ్ల నుంచి తెచ్చిన ఆ దరువే. పొద్దుండంగా తిండికని కూడా దిగేటోడు కాదు. "కాసేపు కూచో నాయనా" అని తల్లి బతిమాలితే, "నేను కూచుంటే బాటన ఎవురు పోతారో అమ్మా" అనేటోడు. కూచుంటే కూచోలేడు, నిలబడితే నిలబడలేడు.

ఆ వికారపు గొంతు ఇని కూడా జనం దిగినారు. "ఏంది నాయనా ఇది, ఎవరినన్నా చంపుతాండారేమో అని వచ్చినాం" అని నవ్వి, తాగి, దండం పెట్టి పోయినారు. తొట్టి మళ్లా పొద్దుమునిగేలోపల ఎండింది.

ఒక అమావాస్య పోయింది. రెండో అమావాస్య పోయింది. మూడో అమావాస్య పోయిన మరుసటి పొద్దున, ఎద్దులు దిగతా ఉంటే, సుంకన్న పాట ఎత్తుకోబోయి ఆగినాడు.

"కిర్..."

కర్రోడు చెవులు నిక్కించినాడు. తెల్లోడు తల ఎత్తినాడు. ఎవరూ అదిలించకుండానే రెండూ ఎనక్కి నడిచినాయి.

"కీ..."

మళ్లా దిగినాయి. "కిర్ర్‌ర్‌ర్..." గుట్ట గుట్టంతా ఇనపడింది. ఇంట్లో తిరగలి ఆగింది. సవారమ్మ పిండి చేతుల్తో బయటికొచ్చింది. ఉరుకుందమ్మ కడవ దించి, ఆ అరుపు మీద పాట అందుకుంది, చిన్నన్న అందుకున్నట్టే.

సుంకన్న మోకు మీద నుంచి దిగినాడు. తొట్టి గట్టుకాడికి పోయినాడు. అప్పుడు కూచున్నాడు. మూడు నెలల తర్వాత మనిషి నేల మీద కుదురుగా కూచున్నాడు. తల్లి పోయి పక్కన కూచుంది. "తెలుస్తాదిలేరా తమ్ముడా, ఇంక వాళ్లకు తెలుస్తాది" అన్నాడు, తల్లి భుజం మీద మొగం పెట్టి.

అంతే కత. ఆ బాయి పూడిపోయింది, ఆ గిలక ఎవరింట్లో పొయ్యిలోకి పోయిందో తెలీదు. కానీ ఆ పక్క ఊర్లలో ఇప్పటికీ గిలక చేసే వడ్లాయన ఇరుసుకు ఒక పక్కనే నూనె పెడతాడు. రెండో పక్క ఎండుగానే ఉంచుతాడు. అదేందయ్యా అంటే, "అది మద్దిలేటి పక్క" అంటాడు. తోడిన మొదటి బిందె ఇంట్లోకి పోదు, వాకిట తొట్లోకి పోతాది. గొంతు బాగలేనోడు పాడుతాంటే కూడా ఎవురూ నవ్వరు. "సుంకన్న పాడుతాండాడు, పాడనీ" అంటారు.

ఇంకొకటి. ఏ ఇంట్లోనన్నా తలుపు కిర్రుమంటే పిలకాయలు నూనె గిన్నె కోసం ఉరుకుతారు గదా. ముసలోళ్లు ఆపుతారు.

"ఉండుండు. పోసేముందర బయటికి పోయి చూడు, వాకిట్లో ఎవురన్నా దప్పిగొని నిలబడినారేమో."